దూర నడకలో హ్యామాక్ పట్టీ ఎంత పొడవుండాలి: ఉద్దానం కొబ్బరి నుంచి ఎస్.కోట చింత దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాలుగైదు రోజులు నడిచి, రాత్రుళ్లు హ్యామాక్‌లో (రెండు చెట్ల మధ్య వేలాడదీసే గుడ్డ ఊయలలో) పడుకోవాలనుకునేవారు, దాన్ని చెట్లకు కట్టే పట్టీల పొడవును దారిలోని చెట్లను బట్టి నిర్ణయించుకోవాలి. బజారులో దొరికే పట్టీ సాధారణంగా తొమ్మిది, పది అడుగులు ఉంటుంది. నాలుగున్నర మీటర్ల ఎడంలో, మనిషి నడుమంత లావున్న రెండు చెట్లు దొరికితే అది చక్కగా సరిపోతుంది. మన వైపు అలాంటి జంట రోజూ దొరకదు. ఇక్కడ మనిషి వరుసలు తీసి నాటిన చెట్లు దూరదూరంగా ఉంటాయి. తరాల నుంచి ఊరికి నీడనిస్తున్న చెట్లు బాగా లావుగా ఉంటాయి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం కొబ్బరి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ ఏడెనిమిది మీటర్ల ఎడం ఉంటుంది. ఊరి చివరి ముసలి చింత మొదలు చుట్టుకొలత మూడు మీటర్లు దాటుతుంది. సముద్రపు ఒడ్డు సరుగుడు తోపుల్లో చెట్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి కానీ చాలావాటి మొదలు ముంజేయి లావు మాత్రమే. వీటన్నింటికీ ఒకే జత పట్టీలు పనికిరావాలి, అవి వీపుకు భారం కాకూడదు. అందుకే పొడవు లెక్క ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

పొడవు ఎక్కడెక్కడ ఖర్చవుతుంది

పట్టీ పొడవు మూడు చోట్ల ఖర్చవుతుంది. చెట్టు చుట్టూ తిరిగేది మొదటి భాగం. చెట్టు నుంచి హ్యామాక్ కొస దాకా ఏటవాలుగా దిగేది రెండోది. బకిల్‌లోంచి వెళ్లి, జారకుండా ముడి వేసుకోవడానికి మిగలాల్సిన తోక మూడోది. మూడో భాగానికి 30 సెంటీమీటర్లు వదిలేస్తే చాలు. మొదటి రెండింటినీ కొలవాలి.

చెట్ల మధ్య దూరం ఒక్కటే చూసుకుని చాలామంది చెట్టు లావును మరచిపోతారు. నా ఉద్దేశంలో ఉత్తరాంధ్రలో పట్టీని ఎక్కువగా మింగేది లావే. మూడు మీటర్ల చుట్టుకొలత ఉన్న చింతకు పదడుగుల పట్టీ కడితే అది ఒక్క చుట్టు తిరిగేసరికే అయిపోతుంది. హ్యామాక్ వైపు బెత్తెడు కూడా మిగలదు.

మొదటి పని: మీ హ్యామాక్‌ను కొలవడం

దూర నడకకు వాడే హ్యామాక్ గుడ్డ చాలావరకు 11 అడుగులు, అంటే 3.35 మీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని బిగుతుగా లాగి కడితే లోపల పడుకున్నవారి భుజాలు నొక్కుకుపోతాయి, నడుము వంగుతుంది. గుడ్డ కొంత వేలాడితేనే మనిషి ఏటవాలుగా, వెన్ను తిన్నగా ఉంచి పడుకోగలడు. ఆ వేలాడే తీరు ప్రతి రాత్రీ ఒకేలా ఉండడానికి హ్యామాక్ రెండు కొసల మధ్య ఒక సన్నని తాడు కడతారు. దాన్ని రిడ్జ్‌లైన్ అంటారు. దాని పొడవు గుడ్డ పొడవులో 83 శాతం ఉండాలన్నది అనుభవజ్ఞులు స్థిరపరచుకున్న కొలత. 3.35 మీటర్ల గుడ్డకు అది దాదాపు 2.8 మీటర్లు. మీ హ్యామాక్‌కు రిడ్జ్‌లైన్ లేకపోతే సాగని సన్నతాడుతో ముందు అది కట్టుకోండి. అది లేనిదే కింద చెప్పే లెక్కలకు ఆధారం ఉండదు.

రెండో పని: బారతో, మూరతో కొలవడం నేర్చుకోవడం

నడకలో టేపు మోయనక్కరలేదు. రెండు చేతులూ చాచితే ఒక బార. అది దాదాపు మీ ఎత్తుకు సమానం. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర, సుమారు 45 సెంటీమీటర్లు. ఇంట్లో ఒకసారి టేపు పెట్టి మీ బార ఎంతో, మూర ఎంతో సెంటీమీటర్లలో కొలిచి గుర్తుంచుకోండి.

చెట్టు లావు తెలియాలంటే దాన్ని కౌగిలించుకోండి. వేళ్ల కొసలు కలిస్తే చుట్టుకొలత మీ బారకు మించదు. కలవకపోతే మధ్యలో మిగిలిన ఖాళీని మూరల్లో అంచనా వేసి బారకు కలపండి. చెట్ల మధ్య దూరానికి పట్టీనే కొలబద్దగా వాడుకోవచ్చు. పట్టీ మీద మీటరుకొకటి చొప్పున రంగుదారంతో మూడు కుట్లు వేసుకుంటే సందెవేళ మసక వెలుతురులో కూడా పని చకచకా అయిపోతుంది. బెరడు నుంచి బెరడుకు కొలవాలి, చెట్టు నడిమధ్య నుంచి కాదు.

మూడో పని: లెక్క

చెట్ల మధ్య దూరంలోంచి రిడ్జ్‌లైన్ పొడవు తీసేసి, మిగిలినదాన్ని రెండుగా పంచండి. అది ఒక పక్క ఎడం. పట్టీ 30 డిగ్రీల వాలులో దిగాలి కాబట్టి ఆ ఎడాన్ని 1.15తో గుణించండి. దానికి చెట్టు చుట్టుకొలత, తోకకు 30 సెంటీమీటర్లు కలపండి. అదే ఆ చెట్టుకు కావలసిన పట్టీ.

టేకు లేదా నీలగిరి చెట్లు రెండు, నాలుగున్నర మీటర్ల ఎడంలో ఉన్నాయనుకుందాం. చుట్టుకొలత 90 సెంటీమీటర్లు. నాలుగున్నరలోంచి 2.8 తీసేస్తే 1.7, అందులో సగం 85 సెంటీమీటర్లు. వాలుతో కలిపి దాదాపు ఒక మీటరు. చుట్టుకొలతా తోకా కలిపితే 2.2 మీటర్లు. పదడుగుల పట్టీ, అంటే మూడు మీటర్లు, ఇక్కడ ధారాళంగా సరిపోతుంది.

ఇప్పుడు అయిదున్నర మీటర్ల ఎడంలో, ఒక పక్క మూడు మీటర్ల చుట్టుకొలత ఉన్న చింత. పక్క ఎడం 1.35 మీటర్లు, వాలుతో 1.55. చెట్టుకు మూడు, తోకకు 30 సెంటీమీటర్లు కలిపితే 4.85 మీటర్లు. ఈ చింత దగ్గర మూడు మీటర్ల పట్టీ చేతులెత్తేస్తుంది.

ఈ 30 డిగ్రీల పట్టుదల ఎందుకో కూడా తెలుసుకోవాలి. 70 కిలోల మనిషి పడుకుంటే, 30 డిగ్రీల వాలులో ఒక్కో పట్టీ మీద పడే లాగుడు సరిగ్గా 70 కిలోలు. వాలు 20 డిగ్రీలకు తగ్గితే అది నూరు కిలోలు దాటుతుంది. 10 డిగ్రీలైతే రెండు వందల కిలోలు. పొడవు చాలక పట్టీని అడ్డంగా బిగించి కట్టేవారు తమకు తెలియకుండానే పట్టీ మీద, కుట్టు మీద, చెట్టు మీద మూడింతల భారం వేస్తున్నారు. పొట్టి పట్టీ వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే.

ఎత్తు పెట్టే హద్దు

లెక్క ప్రకారం పట్టీని ఎంత ఎత్తున కట్టాలో కూడా చూడాలి. కూర్చుంటే నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా, అంటే కుర్చీ ఎత్తులో కట్టుకుంటే ఎక్కడం దిగడం సులువు. అలా కట్టినప్పుడు రిడ్జ్‌లైన్ నేలకు దాదాపు 1.3 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ పైన పక్క ఎడంలో ప్రతి మీటరుకూ 58 సెంటీమీటర్లు పైకి వెళ్లాలి. నాలుగున్నర మీటర్ల ఎడానికి చెట్టు మీద 1.8 మీటర్ల ఎత్తు సరిపోతుంది, చెయ్యి చక్కగా అందుతుంది.

కొబ్బరి తోటలో ఎడం 7.2 మీటర్లు అనుకోండి. పక్క ఎడం 2.2 మీటర్లు. 30 డిగ్రీల వాలు రావాలంటే చెట్టు మీద 2.6 మీటర్ల ఎత్తున కట్టాలి. అయిదున్నర అడుగుల మనిషి చెయ్యెత్తితే 2.1 మీటర్లకు మించి అందదు. ఆ ఎత్తులోనే కట్టి, కుర్చీ ఎత్తు తగ్గకుండా చూసుకుంటే వాలు 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. లాగుడు ఒకటిన్నర రెట్లవుతుంది. మంచి పట్టీ దాన్ని ఇబ్బంది లేకుండా మోస్తుంది. హ్యామాక్‌ను ఇంకో పది సెంటీమీటర్లు కిందికి దించుకుంటే వాలు కొంత మెరుగవుతుంది.

దీనివల్ల పొడవు లెక్క కూడా మారుతుంది. వాలు 20 డిగ్రీలే కాబట్టి పక్క ఎడాన్ని 1.06తో గుణిస్తే చాలు. 2.35 మీటర్లు, చెట్టుకు 90 సెంటీమీటర్లు, తోకకు 30. మొత్తం 3.55 మీటర్లు. అంటే పన్నెండు అడుగుల పట్టీ కొబ్బరి తోటకు అచ్చంగా సరిపోతుంది. పదిహేను అడుగులది కొన్నా ఆ మిగులును వాడుకోవడానికి మీ చెయ్యి అంత ఎత్తుకు అందదు. ఎడం ఎనిమిది మీటర్లు దాటితే ఆ జంటను వదిలేసి ముందుకు నడవండి.

నా ఎంపిక

ఈ రెండు జిల్లాల నడకకు పన్నెండు అడుగుల పట్టీలు రెండు, వాటితో పాటు ఒకటిన్నర మీటర్ల పొడిగింపు తాళ్లు రెండు తీసుకెళ్లడం సరైనదని నా అభిప్రాయం. కొబ్బరి తోటలోనూ టేకు వరుసలోనూ పొడిగింపు అవసరం రాదు. చింత, మర్రి, ముసలి మామిడి దగ్గరే దాన్ని బయటికి తీస్తాం. పైన లెక్కేసిన చింతకు కావలసిన 4.85 మీటర్లు 3.6కు ఒకటిన్నర కలిపితే వచ్చేస్తాయి.

పదిహేను అడుగుల పట్టీలే కొనవచ్చు కదా అని అడగవచ్చు. కొనవచ్చు. అయితే ఆ అదనపు పొడవును ప్రతి రాత్రీ విప్పాలి, చుట్టాలి, తడిస్తే ఆరబెట్టాలి. చింత దగ్గర అది కూడా చాలదు. పొడిగింపు తాడు ఆ పనిని చాలా తక్కువ బరువుతో చేస్తుంది. డైనీమా అనే తేలికైన కృత్రిమ నారతో అల్లిన 2.8 మిల్లీమీటర్ల తాడు మీటరుకు అయిదు గ్రాముల లోపే తూగుతుంది, 700 కిలోల పైన భారం తట్టుకుంటుంది. దాన్ని పట్టీ కొసకూ హ్యామాక్ కొసకూ మధ్య మాత్రమే పెట్టాలి. చెట్టుకు నేరుగా చుట్టకూడదు. సన్నని తాడు బెరడులోకి దిగుతుంది, పైగా డైనీమా రాపిడి వేడికి త్వరగా కరిగిపోయే నార. ఇంకో జాగ్రత్త ఏమిటంటే డైనీమా చాలా నునుపు, మామూలు ముడులు అందులో జారిపోతాయి. రెండు కొసల్లోనూ తాడును తనలోకే చొప్పించి అల్లిన కళ్లు ఉన్నవే కొనండి.

పదడుగుల పట్టీతో సరిపెట్టుకునేవారు అనేది బరువు గురించి. ఆ మాటకు విలువ ఉంది. ఇప్పుడు లెక్క చూద్దాం. అంగుళం వెడల్పున్న పలచని పాలిస్టర్ పట్టీ మీటరుకు దాదాపు 20 గ్రాములు. పది నుంచి పన్నెండు అడుగులకు వెళితే రెండు పట్టీలకూ కలిపి పెరిగేది పాతిక గ్రాములు. పొడిగింపు తాళ్లు కలిపినా మొత్తం యాభై గ్రాముల లోపు. ఒక గుక్కెడు నీళ్లు అంతకంటే ఎక్కువ తూగవచ్చు. సందె చీకట్లో సరైన జంట దొరక్క ఇంకో రెండు కిలోమీటర్లు నడవాల్సి రావడం కంటే ఇది తేలిక.

ఏ నార, ఏ వెడల్పు

నవారు లాంటి ఈ పట్టీలు నాలుగైదు రకాల నారల్లో వస్తాయి. పాలిస్టరే తీసుకోండి. నైలాన్ సాగుతుంది, తడిస్తే మరీ సాగుతుంది. రాత్రి కుర్చీ ఎత్తులో పడుకున్నవారు తెల్లవారేసరికి నేలను తాకుతారు. పాలీప్రొపిలీన్ చవక, కానీ ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు వలల దుకాణాల్లో దొరికే తాళ్లు చాలావరకు ఈ రెండు రకాలే. అవి గుండ్రంగా ఉండి బెరడును కోస్తాయి కూడా.

గోగునార తాడు సంగతి వేరు. ఈ రెండు జిల్లాలూ గోగు పంటకు పెట్టింది పేరు, నెల్లిమర్లలో జనపనార మిల్లు ఉంది, ఆ నార మీద మనకు అభిమానం సహజం. పశువును కట్టడానికి, మోపు కట్టడానికి అది మంచిదే. మనిషి ప్రాణం వేలాడే చోట మాత్రం వద్దు. తడి తగిలితే లోలోపల చీకిపోతుంది, ఎంత భారం ఆపుతుందో ఎవరూ రాసి ఇవ్వరు.

వెడల్పు కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి. మామిడి, పనస లాంటి పాలు కారే చెట్లకు 40 మిల్లీమీటర్లది ఇంకా మంచిది. తెగే భారం మీ బరువుకు అయిదు రెట్లకు తగ్గకూడదు. 70 కిలోల మనిషికి 350 కిలోలు. ముడి వేస్తే పట్టీ బలం సగం దాకా తగ్గుతుందని మరచిపోకండి, అందుకే ముడి వేసి వాడేవారు ఇంకా బలమైనది తీసుకోవాలి. లారీ సామాను బిగించే పాలిస్టర్ బెల్టును కోసి వాడుకునేవారున్నారు. నార మంచిదే కానీ ముతక, బరువు రెట్టింపు. కొస మడిచి మామూలు మిషను మీద కుట్టించిన ఉచ్చును మాత్రం నమ్మకండి. ఉచ్చు ముడి వేసుకోండి, దానికి ఇంకో 40 సెంటీమీటర్లు లెక్కలో కలపండి.

బిగించే పద్ధతి

వరుసగా ఉచ్చులు కుట్టిన పట్టీ కొత్తవారికి సులువు. కొక్కెం తగిలిస్తే పని అయిపోతుంది. జత 300 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, ఒక రాత్రి విహారానికి పరవాలేదు, అయిదు రోజుల నడకకు నేను సిఫారసు చేయను. ఉచ్చుకూ ఉచ్చుకూ మధ్య ఎడం ఉండడం వల్ల సన్న సర్దుబాటు కూడా కుదరదు.

వూపీ స్లింగ్ అనేది డైనీమా తాడుతో చేసే సర్దుబాటు ఉచ్చు. చాలా తేలిక. దాని లోపం ఏమిటంటే ఒక హద్దు కంటే పొట్టిగా కుదించలేం. చెట్లు దగ్గరగా ఉంటే హ్యామాక్ బిగుసుకోదు, నేల తాకుతుంది.

నా ఓటు సాదా పట్టీకీ అల్యూమినియం బకిల్‌కూ. ఎంత కావాలంటే అంత లాగి ఆపవచ్చు. ఇనుప బకిల్ సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. బకిల్ దాటాక తోకతో ఒక జారుముడి తప్పకుండా వేయండి. నునుపైన పట్టీ అర్ధరాత్రి కొద్దికొద్దిగా జారితే ఆపేది ఆ ముడే.

చెట్టును చూసి ఎంచుకోవడం

కళింగపట్నం నుంచి భావనపాడు, బారువల మీదుగా ఇచ్ఛాపురం వైపు తీరం వెంట నడిచేవారికి మొదట కనిపించేవి సరుగుడు తోపులు. చెట్టు మొదలు మీ తొడ లావుకు తగ్గితే దాన్ని వదిలేయండి. బాగా ఎదిగిన వరుస దొరికితే పక్కపక్క చెట్లకు కాకుండా ఒకటో రెండో వదిలి కట్టండి. ఇంత చిన్న ఎడంలో పట్టీ మిగిలిపోతుంది, దాన్ని మొదలు చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పితే సరి. పొడవు ఎక్కువైతే ఇలా సర్దుకోవచ్చు, తక్కువైతే ఏ ఉపాయమూ లేదు. హ్యామాక్, రెండు బకిల్లు కలిపి కనీసం 3.3 మీటర్ల ఎడం మాత్రం కావాలి.

కొబ్బరి చెట్టు మొదలు బలమైనదే. అయితే మీ తల మీద ఏముందో చూడండి. కాయలు, ఎండిన మట్టలు రాత్రి ఎప్పుడైనా రాలతాయి. కాయలు దింపిన చెట్లేవో తోట యజమానిని అడిగి, ఆయన చూపించిన చోటే కట్టుకోండి. గెలలు వేలాడే చెట్టు కింద పడుకోవడానికి ఎంత మంచి ఎడం దొరికినా ఒప్పుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. అప్పుడు పడకుండా ఒరిగి నిలిచిన చెట్టు చూడడానికి పచ్చగా ఉన్నా వేళ్ల పట్టు ఎంత మిగిలిందో పైకి తెలియదు. ఒరిగిన చెట్టును, మొదట్లో మట్టి పగిలి లేచిన చెట్టును వదిలేయండి. పట్టీలు చెట్టును పక్కకు లాగుతాయి, అది మామూలుగా మోసే భారం కాదు.

జీడిమామిడి తక్కువ ఎత్తులోనే కొమ్మలుగా చీలిపోతుంది. కట్టడానికి తిన్నని మొదలు దొరకదు, కొమ్మకు కట్టడం మంచిది కాదు. ఉద్దానం జీడి తోటల్లోకి పండ్ల కోసం ఎలుగుబంట్లు వస్తాయి, మనుషుల మీద దాడులూ జరిగాయి. ఆ తోటల్లో రాత్రి పడుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఊళ్లో బడి ఆవరణలోనో, గుడి దగ్గరి వేప కిందో చోటు అడగండి.

మునగ చెట్టు ఎక్కించడం అన్న మాట ఊరికే పుట్టలేదు, అది పుటుక్కున విరుగుతుంది. బొప్పాయి, అరటి సంగతి చెప్పనక్కరలేదు. వేప, నేరేడు, కానుగ, టేకు మంచివి. టేకులో తొడ లావు దాటినవే చూసుకోండి. మామిడి బలమైనదే గానీ ఆకులను కలిపి కుట్టిన చీమల గూళ్లు ఉన్నాయేమో కట్టకముందే పైకి చూడండి. పట్టీ ఆ చీమలకు వంతెన అవుతుంది.

విజయనగరం వైపు శృంగవరపుకోట (ఎస్.కోట), పుణ్యగిరి, తాటిపూడి ప్రాంతాల్లో కొండవాలు మొదలవుతుంది. వాలులో రెండు చెట్ల మొదళ్లు ఒకే మట్టంలో ఉండవు. రెండు పక్కలా నేల నుంచి ఒకే ఎత్తు కొలిస్తే హ్యామాక్ ఒరిగిపోతుంది. రిడ్జ్‌లైన్ సమమట్టంలో ఉందో లేదో చూసి కట్టండి. పల్లం వైపు చెట్టు మీద పట్టీ ఎక్కువ ఎత్తుకు వెళ్లాలి, అందుకే ఆ చెట్టుకు ఎగువన నిలబడి కడితే చెయ్యి అందుతుంది.

ఒక పక్క లావు చెట్టు, ఇంకో పక్క సన్నని చెట్టు ఉన్నప్పుడు హ్యామాక్ సరిగ్గా మధ్యలోనే ఉండాలని నియమం లేదు. దాన్ని లావు చెట్టు వైపు జరిపితే ఆ పక్క పట్టీ ఆదా అవుతుంది, సన్నని చెట్టు వైపు మిగులు పట్టీ ఖర్చవుతుంది. దూరంగా ఉన్న పక్కన మాత్రం పట్టీని ఎక్కువ ఎత్తున కట్టాలి. ఈ సర్దుబాటు అలవాటైతే పొడిగింపు తాడు సంచిలోంచి బయటికి రావడమే తగ్గిపోతుంది.

కట్టే వరుస

ముందు చెట్టు మీది ఎత్తు గుర్తించండి. పట్టీని మెలిక పడకుండా, బెరడుకు బల్లపరుపుగా ఆనేలా చుట్టి ఉచ్చులోంచి లాగండి. హ్యామాక్ తగిలించి రెండు పక్కలా సమంగా బిగించండి. వాలు చూడడానికి బొటనవేలు, చూపుడువేలు లంబంగా చాచి, చూపుడువేలును రిడ్జ్‌లైన్ మట్టంలో పెట్టండి. పట్టీ ఆ రెండు వేళ్ల కొసలను కలిపే గీతలా కనిపిస్తే 30 డిగ్రీలకు దగ్గరలో ఉన్నట్టే. మీరు పడుకున్నప్పుడు రిడ్జ్‌లైన్‌ను రెండు వేళ్లతో వంచితే కొద్దిగా వంగాలి. వీణ తీగలా బిగుసుకుంటే పట్టీలు వదులు చేయండి.

ముందు చేతులతో గట్టిగా కిందికి నొక్కి చూడండి, తర్వాత నెమ్మదిగా కూర్చోండి, ఆ తర్వాతే కాళ్లు పైకి తీయండి. ధబాలున పడితే పట్టీ మీద మీ బరువుకు రెట్టింపు పైన కుదుపు పడుతుంది. కొత్త పట్టీ మొదటి అరగంటలో కొంచెం సర్దుకుంటుంది, నిద్రకు ముందు ఒకసారి లేచి మళ్లీ బిగించండి.

జూన్ నుంచి నవంబరు దాకా ఎప్పుడు నడిచినా వాన తగులుతుందనే అనుకోవాలి. చెట్టు మీద కారే నీళ్లు పట్టీ వెంట నేరుగా హ్యామాక్‌లోకి వస్తాయి. హ్యామాక్‌కు జానెడు ముందు పట్టీకి ఒక నూలు గుడ్డపేలిక ముడివేసి కిందికి వేలాడదీస్తే నీళ్లు దాని వెంట నేలకు దిగిపోతాయి. పైన కట్టే టార్పాలిన్ ఆ పేలిక దాకా కప్పాలి.

అనుమతి

రిజర్వు అడవిలో రాత్రి బసకు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. తోటలో యజమానిని అడగాలి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాగా వేరుపడిన కురుపాం, కొమరాడ వైపు ఏనుగుల గుంపులు తిరుగుతున్నాయి, నడకను అటు పొడిగించాలనుకునేవారు ఆ రాత్రులకు హ్యామాక్ ఆలోచన మానుకుని ఊళ్లలో పడుకోండి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలమంతా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఆ ఊరివాళ్లు వాటిని కంటికి రెప్పలా కాపాడుకుంటున్నారు. అక్కడి చెట్లకు పట్టీ కట్టకండి.

బయలుదేరే ముందు

మీ దారిలో పడే మూడు రకాల చెట్లకు ఇంటి దగ్గరే లెక్క వేసి ఒక కాగితం మీద రాసుకోండి. దూరం, లావు, కావలసిన పొడవు. మీది అయిదున్నర అడుగుల కంటే తక్కువ ఎత్తయితే కొబ్బరి తోటలో ఎడం హద్దును ఏడు మీటర్లకు కుదించుకోండి. రిడ్జ్‌లైన్ వేరేదైతే 2.8 బదులు మీ అంకె వేసుకోండి. తర్వాత మీ ఊళ్లోనే ఒక చింత దగ్గరా, ఒక కొబ్బరి జంట దగ్గరా పగటిపూట కట్టి చూడండి. లెక్కకూ చేతికీ తేడా ఉంటే అక్కడే తెలుస్తుంది.

ప్రతి ఉదయం విప్పేటప్పుడు పట్టీని వేళ్ల మధ్య నుంచి మొదటి నుంచి చివరి దాకా లాగండి. అంచు దారాలు లేచినా, బకిల్ కొరికే చోట నున్నగా మెరుస్తున్నా, కుట్టు వదులైనా వేళ్లకు తెలుస్తుంది. అలాంటి పట్టీని ఆ రోజే పక్కన పెట్టండి. జిగురు అంటుకుంటే చల్లని నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, తడిగా సంచిలో కుక్కవద్దు. చుట్టేటప్పుడు ఉచ్చు కొస పైకి వచ్చేలా చుడితే సాయంత్రం చెట్టు దగ్గర వెతుక్కోకుండా నేరుగా చేతికి అందుతుంది.